ఏడు రాళ్ళ దుద్దు

కన్ను మూసుకుపోయిన మనిషికి నోరు అంత పెద్దగా ఎందుకు తెరుచుకుంటుందో లేయాకి ఎప్పుడూ అర్థమయ్యేది కాదు.

"ఏవండీ! రెండు చుక్కలేసి పంపించెయ్యండి. బయట లారీ ఆగి ఉంది. మధ్యాహ్నంలోగా సరుకు హనుమాన్ జంక్షన్ దాటకపోతే, నాగపూర్ చేరేసరికి కాయంతా పండి కూర్చుంటుంది!"

క్యాజువాలిటీ గుమ్మంలో నిలబడి కేకలేస్తున్న ఆ కుర్రాడికి ఇరవయ్యారేళ్ళుంటాయి. ఎడమ కంటి మీద తడిగుడ్డ అదిమి పట్టుకున్నాడు. పక్కన తెల్లచీరలో, మెడలో జపమాలతో ఒక పెద్దావిడ అతని మోచెయ్యి పట్టుకుని ఉంది. వదిలితే లారీ ఎక్కేస్తాడేమో అన్నట్టు గట్టిగానే పట్టుకుంది.

"లారీ మీ ఇష్టం. కన్ను నా ఇష్టం. లోపలికి రండి," అంది లేయా.

"నా కన్ను మీ ఇష్టం ఏంటండీ?"

"ఈ గుమ్మం దాటి బయటికెళ్ళేదాకా అంతే. ముందు ఆ గుడ్డ తియ్యండి. నొక్కకండి."

అతను గుడ్డ తీశాడు. ఆ పెద్దావిడ మొహంలో చిన్న నవ్వు వచ్చిపోయింది.

అది 1986 మే నెల, ఓ ఆదివారం పొద్దున్న పదింబావు. నూజివీడు దాటాక విస్సన్నపేట రోడ్డు మీద ఉన్న చిన్న మిషన్ ఆసుపత్రి. ఆ చుట్టుపక్కల మే నెలంటే మామిడి కోత, కోతంటే సొన. తొడిమ తుంచగానే చిమ్మే ఆ జిగురు ఒంటి మీద పడితే చర్మం నల్లగా కాలుతుంది. ఇక కంట్లో పడితే చెప్పేదేముంది! అందుకే ఆ నెలలో ఎర్రకన్నుతో ఎవరు కనపడ్డా ఊళ్ళో ఇంకో ప్రశ్న ఉండదు. సొన పడింది అనేస్తారు.

లేయా ఆ ఆసుపత్రిలో కంటి అసిస్టెంటుగా చేరి ఐదు నెలలయింది. కంటి డాక్టరు గారు బెజవాడ నుంచి గురువారం ఒక్కరోజే వస్తారు. మిగిలిన ఆరు రోజులూ క్యాజువాలిటీకి వచ్చే కళ్ళన్నీ ముందు లేయా ముందుకే రావాలి. ట్రైనింగులో ఆమెకి ఆరు మెట్లు నేర్పారు. అడగడం, చదివించడం, రెప్పలు, నల్లగుడ్డు, కంటిపాప, ఆఖరికి లోపల. ఒక్క మెట్టు దాటేసినా పరీక్ష చెయ్యనట్టే అని చెప్పారు. లేయా ఆ మాటని ఎంత పట్టుదలగా పట్టుకుందంటే, చంటాడికి కలక వచ్చి తీసుకొచ్చినా ఆరు మెట్లూ ఎక్కించేది. నర్సులు వెనకాల నవ్వుకునేవాళ్ళు.

"సొన పడిందమ్మా," అంది పెద్దావిడ. "నా పేరు ఇన్నమ్మ. వీడు నా కొడుకు, చిన్నరాయప్ప. పొద్దున్న చర్చిలో మొదటి పూజకెళ్ళి తోట మీదుగా వస్తా చెట్టు కింద తలెత్తాడంట." ఆ 'అంట' దగ్గర ఆవిడ ఒకసారి కొడుకు మొహంలోకి చూసింది.

చిన్నరాయప్ప గోడ మీద క్యాలెండరు చూశాడు.

పక్క బల్ల దగ్గర డాక్టర్ సువర్ణరాజు గారు చెట్టు మీంచి జారిన మనిషి తలకి కుట్లేస్తున్నారు. తల తిప్పకుండానే అన్నారు, "సొనే కదమ్మా లేయా. కడిగి, డ్రాప్స్ వేసి పంపించు. బయట ఇంకా నలుగురున్నారు."

"కడుగుతాను సార్. కానీ పూర్తిగా చూడకుండా పంపించను. ఒక్క పావుగంట."

"నీ పావుగంట సంగతి నాకు తెలీదా," అని ఆయన సూదిలోకి దారం ఎక్కించుకున్నారు.

సొన పడిందంటే ముందు కడగాలి, మాటలన్నీ తర్వాతే. లేయా అతన్ని పడుకోబెట్టి, సెలైన్ సీసా ట్యూబుతో కంటి మీద ధార కట్టింది. నీళ్ళు చెవిలోకి పోయి చిన్నరాయప్ప గింజుకున్నాడు.

"ఇంకెంతసేపండీ?"

"సీసా అయిపోయేదాకా."

"అంత పెద్ద సీసానా!"

"ఇంకోటి కూడా ఉంది. మాట్లాడితే అది కూడా తెస్తాను."

కడగడం అయ్యాక అతన్ని వరండా చివర కుర్చీలో కూర్చోబెట్టింది. ఇరవై అడుగుల దూరంలో గోడకి అక్షరాల బోర్డు వేలాడుతోంది. ఎడమ కన్ను మూయించి, కుడి కంటితో చదవమంది. చిన్నరాయప్ప పై నుంచి కింద దాకా గడగడా చదివేశాడు.

"అడుగున ప్రెస్సు పేరు కూడా ఉంది. చదవమంటారా?"

"అక్కర్లేదు. ఇప్పుడు ఎడమ కన్ను."

ఎడమ కంటితో గడగడ లేదు. కింద నుంచి మూడో వరస దగ్గర ఆగిపోయాడు. కన్ను చికిలించి, మెడ ముందుకి చాచి, ఆఖరికి ఒప్పుకున్నాడు. "నీళ్ళు కారుతున్నాయండీ, అందుకే."

లేయా రెప్పలు చూసింది. సొన పడితే రెప్ప మీద చర్మం ఎర్రబడి పొంగాలి. ఇతని రెప్పలు శుభ్రంగా ఉన్నాయి. చొక్కా మీద ఒక్క మరక లేదు. ఒళ్ళో పెట్టుకున్న ఎడమచేతి బొటనవేలి గోరు కింద మాత్రం నెత్తురు గడ్డ కట్టి ఉంది, అదీ కొత్తగా.

"అమ్మగారూ, మీరు బయట బెంచీ మీద కూర్చోండి. చీకటి గదిలో చూడాలి. లోపల ఇద్దరికే చోటు."

చీకటి గది అంటే పెద్దగా ఏమీ లేదు, కిటికీకి నల్లగుడ్డ కట్టిన పాత సామాన్ల గది. రెండు స్టూళ్ళు ఎదురెదురుగా వేస్తే మోకాళ్ళు తగులుతాయి. లేయా, దెబ్బ తగిలిన చోట అంటుకునే పసుపురంగు అద్దిన కాగితపు ముక్కని అతని రెప్ప లోపల ఆనించి తీసింది. నీలి అద్దం బిగించిన టార్చి వెలిగించి, భూతద్దం పట్టుకుంది.

"ఎటు చూడమంటారు?" గది చిన్నదవడం వల్లో ఏమో, అతని గొంతు కూడా చిన్నదయింది.

"నా ఎడమ చెవి దుద్దు వైపు చూడండి. కన్ను కదపకండి."

"ఎర్ర రాళ్ళవి."

"అవును. కదలకండి."

"ఏడు."

"ఏంటి ఏడు?"

"రాళ్ళండీ. లెక్కపెట్టా. మా అమ్మ దుద్దులకి తెల్లవి ఉండేవి."

"నోరు కూడా కదపకండి."

లేయాకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. తర్వాతి క్షణంలో నవ్వు సంగతే మర్చిపోయింది. నల్లగుడ్డు అంచుకి కాస్త ఇవతల, నీలి వెలుగులో, వెంట్రుకంత ఆకుపచ్చ గీత మెరుస్తోంది. గీసుకున్నట్టు లేదు, లోపలికి దిగినట్టుంది. మామూలు టార్చి వేసి కంటిపాప చూసింది. కుడి కంటిపాప గుండ్రంగా ఉంది. ఎడమది ఆ గీత వైపుకి కొద్దిగా, చాలా కొద్దిగా, మొన తేలి ఉంది. తొందరలో చూస్తే ఎవరికీ కనపడదు.

ఇక కంటి మీద వేలు పెట్టకూడదు. లేయా టార్చి కట్టేసి, చేతులు వెనక్కి తీసుకుంది.

"చిన్నరాయప్ప గారూ, ఏ చెట్టు కింద తలెత్తారు?"

"చిన్న రసాల చెట్టు."

"సొన పడితే రెప్ప కాలుతుంది. మీకు కాలలేదు. మీ బొటనవేలు చితికింది. దేంతో కొట్టుకున్నారు?"

"మీరు కంటి డాక్టరా, పోలీసా?"

"రెండూ కాదు. కంటి అసిస్టెంటుని. నిజం చెబితే తప్ప మీ కంటికి వైద్యం చెయ్యలేని మనిషిని. మీ అమ్మగారు బయట ఉన్నారు. ఈ తలుపు మందంగా ఉంటుంది. చెప్పండి."

చిన్నరాయప్ప బొటనవేలిని గుప్పిట్లో దాచుకున్నాడు.

"పెట్టెలకి మేకులు కొడుతున్నానండీ," అన్నాడు. "నూటయాభై పెట్టెలు మిగిలిపోయాయి. కూలీలు ఎనిమిదింటికి గానీ రారు. మొదటి పూజకి వెళ్తున్నానని చెప్పి తోటకి పోయా. సుత్తి దెబ్బకి కంట్లో ఏదో చురుక్కుమంది. మా నాన్న పోయాక మా అమ్మ నన్ను ఒక్కటే అడిగిందండీ, ఆదివారం పూజ మానొద్దని. ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్పను? మే నెల కదా, సొనంటే ఎవరూ రెండో మాట అడగరు."

"నేను అడిగాను."

"అవును. మీరడిగారు."

"మేకు నుంచో సుత్తి నుంచో ఇనుప రవ్వ లేచి మీ కన్ను లోపలికి వెళ్ళింది."

"కనిపించిందా?"

"రవ్వ కనిపించలేదు. అది దూరిన దారి కనిపించింది."

అతను చిన్నగా నవ్వబోయాడు. "సోమవారం చూపించుకుంటానండీ. ఇవాళ లోడు..."

"ఇవాళ తియ్యకపోతే చీము పట్టొచ్చు. ఆ కన్ను పోవచ్చు. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పటం లేదు. నేనే భయపడుతున్నాను కాబట్టి చెబుతున్నా."

చిన్నరాయప్ప చెయ్యి ఎడమ కంటి వైపు వెళ్ళబోయి మధ్యలో ఆగింది. లేయాకి పట్టుదల వచ్చింది. ఈ కన్ను పోకూడదు. అంతే.

సువర్ణరాజు గారు వచ్చి భూతద్దంతో చాలాసేపు చూశారు. తర్వాత అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నేనైతే డ్రాప్స్ రాసి పంపించేసేవాణ్ణమ్మా," అన్నారు మెల్లగా. అంత పెద్దాయన అంత తేలిగ్గా ఒప్పుకోవడం లేయాకి కొత్త. "ఎక్స్‌రే అబ్బాయి సెలవు. జీపు క్యాంపుకి పోయింది. బస్సులో తోపులాట. ఎలా పంపిద్దాం?"

"లారీ ఉందిగా సార్," అంది లేయా. "నేను కూడా వెళ్తాను."

ఆయన ఇంజెక్షన్లు వేయించి, బెజవాడ డాక్టరు గారికి ఉత్తరం రాసిచ్చారు. లేయా అట్టముక్కని గరాటులా చుట్టి, కంటికి ఎక్కడా తగలకుండా చుట్టూ ఎముక మీద ఆనేలా ప్లాస్టరుతో అంటించింది. బయటికొచ్చి ఇన్నమ్మతో, కంట్లోకి చిన్న ముక్క దిగిందనీ ఇప్పుడే బెజవాడ వెళ్ళాలనీ చెప్పింది. ఏం ముక్క అని ఇన్నమ్మ అడగలేదు. ఆ సంగతి లేయాకి చాలా రోజుల తర్వాత గానీ గుర్తుకు రాలేదు.

లారీ పున్నయ్యది. మనిషి నెమ్మది, బండి అంతకంటే నెమ్మది. ముందు సీట్లో అతని పక్కన ఇన్నమ్మ, మధ్యలో కొడుకు, తలుపు పక్కన లేయా. వెనక వరిగడ్డి వాసన, రసాల వాసన కలిసి గుప్పుమంటున్నాయి.

"తుమ్మొద్దు, దగ్గొద్దు, తల వంచొద్దు," అంది లేయా.

"నవ్వొచ్చా?"

"మెల్లగా."

"అమ్మాయ్, నీ చెయ్యి ఇటు పెట్టు. గతుకుల్లో వీడి తల ఊగిపోతా ఉంది," అంది ఇన్నమ్మ. ఆవిడ రెండు చేతుల్లోనూ జపమాల ఉంది. లేయా ఓ క్షణం తటపటాయించి, అరచెయ్యి అతని మెడ వెనక ఆనించింది. మనిషి బిగుసుకుపోయాడు. ఆ తర్వాత బాపులపాడు దాకా తల ఒక్క అంగుళం కదల్లేదు. గతుకులు కూడా ఏం చెయ్యలేకపోయాయి.

"మీరు మిషన్ వాళ్ళు కదూ?" అంది ఇన్నమ్మ. "మరియమ్మ గారిని తలవరు మీరు."

"తలవమండీ. మీరు తలవండి, నేను ఇతని తల చూస్తాను."

పున్నయ్య పకపకా నవ్వాడు. ఇన్నమ్మ కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ జపంలో పడింది.

జంక్షను దాటాక ఎక్కణ్ణించో గాలి లేచి, పెద్ద పెద్ద చినుకులతో వాన దంచేసింది. వైపరు రెండుసార్లు ఊగి నిద్రపోయింది. పున్నయ్య కిటికీలోంచి చెయ్యి చాచి గుడ్డతో అద్దం తుడుస్తూ నడుపుతున్నాడు.

"ఒక్క కంటితో చూస్తే సగం వానే కనిపిస్తుందనుకున్నా," అన్నాడు చిన్నరాయప్ప. "మొత్తం కనిపిస్తోందండీ."

"రెండో కన్నుతో కూడా చూస్తారు."

"మాటిస్తున్నారా?"

మాటివ్వకూడదని ట్రైనింగులో చెప్పారు. లేయా వాన వైపు చూస్తూ, "ఇస్తున్నా," అంది.

మధ్యాహ్నం మూడింటికి బెజవాడలో ఆపరేషన్. కంటి డాక్టరు గారు పెద్ద అయస్కాంతంతో ఆ రవ్వని బయటికి లాగారు. దూది మీద పెట్టి చూపిస్తే ఆవగింజలో సగం లేదు. "రేపు తెచ్చుంటే ఏమయ్యేదో చెప్పలేను. ఎవరు కనిపెట్టారు?" అన్నారాయన. ఇన్నమ్మ లేయా చెయ్యి తీసుకుని తన కళ్ళకి అద్దుకుంది.

అక్కడితో కథ అయిపోవాలి. రోగికి నయమైతే రోగి ఇంటికెళ్తాడు, అసిస్టెంటు రెండో రోగిని చూస్తుంది. కానీ చిన్నరాయప్ప వారం వారం చూపించుకోవాలన్నారు. అది మొదటి నెలకే. అతను దాన్ని తన సొంత పండగలా మార్చుకున్నాడు.

ప్రతి శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, బుట్టతో దిగేవాడు. మొదట చిన్న రసాలు, తర్వాత పెద్ద రసాలు. జూన్ ఆఖరికి కాయ అయిపోతే మామిడి తాండ్ర.

"ఇది క్యాజువాలిటీ అండీ, సంత కాదు."

"నర్సమ్మలకి తెచ్చానండీ. మీకు కాదు."

"మరి నా బల్ల మీద ఎందుకు పెట్టారు?"

"ఖాళీగా ఉందని."

వాళ్ళ మాటలు వినడానికి నర్సులకి వరండాలో ఏదో ఒక పని పడేది. లేయాకి కూడా గురువారం సాయంత్రం నుంచే మనసు మనసులో ఉండేది కాదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. జి. కొండూరులో టీచరుగా ఉన్న నాన్నకి ఉత్తరం రాసేటప్పుడు మాత్రం, మామిడి తాండ్ర ఎన్నాళ్ళు నిలవుంటుందని ఊరికే అడిగింది.

అయితే ఒక్క బెంగ ఆమెని తినేస్తోంది. ఎడమ కంటి చూపు. మొదటి వారం బోర్డు మీద పై నుంచి మూడో వరస దాకా చదివాడు. రెండో వారం నాలుగు, మూడో వారం ఐదు. ఆ తర్వాత ఆగిపోయింది. జూలై వచ్చేసరికి వెనక్కి తగ్గి, మళ్ళీ మూడో వరసకి వచ్చింది. ఎందుకు? బెజవాడ డాక్టరు గారు రెండుసార్లు చూసి, లోపలంతా బాగుంది, కారణం తెలియదు అన్నారు. లేయాకి మాత్రం తను ఏదో వదిలేసిందనిపించింది. ఎక్కడో ఒక మెట్టు తప్పింది. మాటిచ్చింది కదా! అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. పాత నోట్సులన్నీ ముందేసుకుని కూర్చునేది.

జూలై మూడో శుక్రవారం చిన్నరాయప్ప వచ్చేసరికి ఆమె బల్ల మీద అన్నీ సర్ది ఉన్నాయి.

"ఇవాళ మొదటి నుంచి చూస్తాను. ఆరు మెట్లూ."

"ఎందుకండీ అంత శ్రమ? మామూలుగా చదివిస్తే..."

"కూర్చోండి."

రెప్పలు శుభ్రం. నల్లగుడ్డు మీద చిన్న తెల్లమచ్చ, అది ఉండేదే. కంటిపాప సర్దుకుంది. లోపల నరం, తెర అన్నీ చక్కగా ఉన్నాయి. ఎన్నిసార్లు చూసినా ఆ కంటికి కనిపించకపోవడానికి కారణం లేదు. లేయా కంటి లోపల చూసే ఆఫ్తాల్మోస్కోపు కింద పెట్టి అతని మొహంలోకి చూసింది. చిన్నరాయప్ప గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

ఆ చూపు ఆమెకి తెలుసు. మే నెల్లో, ఇదే గదిలో, ఇదే క్యాలెండరు. మొదటి మెట్టు అడగడం. పోయినసారి అబద్ధం దొరికింది కూడా అక్కడే.

కానీ ఈసారి అడిగితే చెప్పడు. లేయా అతని స్టూలుని వరండా బోర్డు కనపడేలా గుమ్మం ఎదురుగా జరిపి, అద్దాలు మార్చి వేసే పరీక్ష ఫ్రేము తీసి అతని మొహానికి తగిలించింది. కుడి కంటి ముందు ఒక అద్దం, ఎడమ కంటి ముందు ఒక అద్దం వేసింది.

"ఇది రెండు కళ్ళూ కలిపి చూసే పరీక్ష. రెండూ తెరిచే ఉంచండి. హాయిగా చదవండి."

రెండు కళ్ళూ తెరిచేసరికి చిన్నరాయప్పకి హుషారొచ్చింది. ఎలాగూ కుడి కన్ను ఉందిగా! పై నుంచి మొదలుపెట్టి ఆరో వరస దాకా గడగడా చదివేసి, ఆఖరి వరసలో మూడు అక్షరాల తర్వాత తడబడ్డాడు.

"ఎలా ఉందండీ?" అన్నాడు గర్వంగా.

"చాలా బాగుంది. మీ కుడి కంటి ముందున్నది బాగా మందపాటి అద్దం. దాంట్లోంచి ఆ గోడ కూడా సరిగ్గా కనపడదు. ఎడమ కంటి ముందున్నది ఉత్త గాజు. ఇప్పుడు మీరు చదివిందంతా ఏ కంటితోనో తెలుసా?"

చిన్నరాయప్ప మెల్లగా చెయ్యెత్తి కుడి కన్ను మూశాడు. బోర్డు చూశాడు. ఎడమ కన్ను మూశాడు. బోర్డు మాయమైంది. ఆ మొహం చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేదే. లేయాకి రాలేదు.

"మూడు వారాలుగా నేను నిద్రపోలేదు," అంది. "నేనేదో తప్పు చేశాననుకున్నా. మీ కన్ను నా వల్ల పోతోందనుకున్నా. మీకిది ఆటగా ఉందా? ఒక అబద్ధంతో కన్ను పోగొట్టుకోబోయారు. బుద్ధి రాలేదా?"

"ఏవండీ..."

"ఏవండీ లేదు, ఏమీ లేదు. ఎందుకు చెప్పారు అబద్ధం?"

అతను ఫ్రేము తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈసారి క్యాలెండరు వైపు చూడలేదు.

"ఐదో వరస చదివిన రోజు మీరన్నారు, ఇంకొక్క వరస చదివితే ఇక రానక్కర్లేదని. ఆ ఇంకొక్క వరస నా నోట్లోంచి రాలేదండీ. వచ్చే శుక్రవారం మిమ్మల్ని చూడకుండా ఎలా ఉండాలో నాకు తెలియలేదు. మీరు నిద్ర మానేస్తారని మాత్రం తెలీదు. తెలిస్తే ఆ వారమే అడుగు దాకా చదివేసేవాణ్ణి. తప్పయిపోయింది. మీరంటే నాకిష్టం. ఇది అబద్ధం కాదు. కావాలంటే ఆరు మెట్లూ చూసుకోండి."

అతను కుడి కన్ను అరచేత్తో మూసుకుని, ఎడమ కంటితో ఆమె వైపు చూశాడు.

"మీ ఎడమ దుద్దులో ఆరు రాళ్ళే ఉన్నాయండీ. కింది రాయి ఊడిపోయింది. రెండు వారాలయింది."

లేయా చెయ్యి చెవి మీదకి పోయింది. వేలికి చిన్న గుంట తగిలింది. అమ్మ దుద్దులు అవి. రోజూ అద్దంలో చూసుకుంటూ కూడా తను గమనించలేదు. ఎవరికీ కనిపించని చిన్న తేడా పట్టుకోవడం తన పని అనుకునేది. తన మొహంలో తేడా పట్టుకున్న మనిషి మాత్రం ఇంతవరకూ ఎవరూ లేరు. కోపం ఎటు పోయిందో తెలియలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి.

"ఇప్పుడు మీరూ కన్ను కడుక్కోవాలండీ," అన్నాడతను భయం భయంగా.

"నోరు మూసుకోండి."

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. ఇన్నమ్మ. బెంచీ మీద కూర్చున్న మనిషి ఎప్పుడు లేచి వచ్చిందో!

"ఆ రోజు మొదటి పూజ లేనే లేదు రా, రాయప్పా," అంది ఆవిడ నింపాదిగా.

చిన్నరాయప్ప స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఫాదర్ గారు బాపులపాడు వెళ్ళారు. ఎనిమిదింటికి ఒక్క పూజే చెప్పారు. అందులో నేనున్నా, నువ్వు లేవు. నువ్వు అబద్ధమాడుతున్నావని ఈ గుమ్మంలోనే తెలుసు నాకు. పదిమందిలో కొడుకు పరువెందుకు తియ్యాలని ఊరుకున్నా." ఆవిడ గది లోపలికి వచ్చింది. "నేను కూడా నోరు మూసుకున్నాను. నీ అబద్ధం, నా మౌనం కలిసి నీ కన్ను తీసేసేవి. ఈ పిల్ల ఒక్కతి పట్టుబట్టి అడిగింది. రెండు నెలల నుంచీ అదే తలుచుకుంటున్నా."

"అమ్మా..."

"నాకు కావాల్సిన కోడలు ఇట్టాంటిదేరా. నిన్ను అడిగేది." అని లేయా వైపు తిరిగింది. "మీది వేరే చర్చి, మాది వేరే గుడి. ఆ గొడవ పెద్దవాళ్ళం మేం చూసుకుంటాం తల్లీ. నీ మనసులో ఏముందో అది చెప్పు చాలు."

లేయా చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చిన్నరాయప్పకి స్టూలు చూపించింది.

"పరీక్ష ఇంకా పూర్తి కాలేదు. కూర్చోండి. కుడి కన్ను మూసుకోండి. నిజంగా ఎంతవరకు కనిపిస్తే అంతవరకూ చదవండి."

అతను చదివాడు. ఒక్కో అక్షరం, ఒక్కో వరస. ఆరో వరస పూర్తి చేశాడు. ఆఖరి వరసలో మూడు అక్షరాలు చదివి ఆగాడు. "ఇక కనపడటం లేదండీ. నిజంగా."

"తెలుసు."

లేయా కార్డు తీసి రాసింది. రాసింది రాసినట్టు పైకి చదివింది. "ఎడమ కన్ను బాగుంది. ఇక ఆసుపత్రికి రానక్కర్లేదు."

చిన్నరాయప్ప మొహం వాడిపోయింది. బల్ల మీది తాండ్ర పొట్లం వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. కార్డు అందుకోవడానికి చెయ్యి కూడా రాలేదు.

"ఆసుపత్రికి అన్నాను," అంది లేయా, కార్డు అతని జేబులో పెడుతూ. "జి. కొండూరులో మా నాన్నగారు ఆదివారం సాయంత్రాలు ఇంట్లోనే ఉంటారు. అమ్మగారిని తీసుకుని రండి."

అతను నమ్మలేనట్టు చూస్తుండిపోయాడు. రెండు కళ్ళతోనూ.

"పొద్దున్న పూజకి వెళ్ళొచ్చాకే," అంది లేయా. "అడుగుతాను."